కొత్త రివాల్వర్లు, మూలబడ్డ మూడో నిబంధన

2014 జనవరిలో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ఒక కొత్త రివాల్వరును బజారులోకి వదిలింది. పేరు ‘నిర్భీక్’. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో బలైపోయిన అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరు నిర్భయ. ఆ మాటకున్న అర్థమే ఈ మాటకీ. అరకిలో బరువు, టైటానియం కలిపిన లోహం, పాయింట్ 32 బోరు, ఆరు తూటాలు. ఆడవాళ్ళ చేతిసంచిలో పట్టేట్టు చేశామన్నారు. నగల పెట్టెలాంటి ముదురెరుపు పెట్టెలో పెట్టి ఇస్తామన్నారు. ధర 1,22,360 రూపాయలు.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 169 రూపాయలు. మేం లెక్క కట్టి చూశాం. 724 రోజులు మట్టి తట్ట మోస్తే ఇంకా నాలుగు రూపాయలు తక్కువ పడుతుంది. అప్పట్లో ఏడాదికి వంద రోజుల పనికే కదా హామీ! అంటే గంజి కూడా తాగకుండా దాచిపెట్టినా ఏడేళ్ళు దాటుతుంది. చెరువులో పూడిక తీసి పొద్దుగూకి ఒంటరిగా వాడకు నడిచొచ్చే మాదిగ పడుచుకి భయం లేకుండా చేయడానికి పుట్టిందట ఈ తుపాకి! ఏ ఆడదానికి నగలున్నాయో ఆమె బీరువాలోకే ఆ నగల పెట్టె పోతుంది. భయం ఎక్కడ ఎక్కువుందో అక్కడికి తప్ప అన్ని చోట్లకీ నిర్భీక్ చేరుతుంది.

ఆ తర్వాత 2023 ఆగస్టులో అదే కాన్పూరు నుంచి ‘ప్రబల్’ వచ్చింది. ఇది యాభై మీటర్ల దాకా కొడుతుందని చెప్పుకున్నారు. కొత్త తుపాకి వచ్చిందంటే దాన్ని పేల్చి చూడాలని మోజుపడేవాళ్ళుంటారు. తప్పు పట్టడం లేదు, కొత్త ట్రాక్టరు వచ్చినా తోలి చూస్తారు. చెవులకి మూతలు పెట్టుకుని, దూరంగా మట్టికట్ట ముందు నిలబెట్టిన అట్టకి గురి చూసి, ఊపిరి బిగబట్టి, వేలితో మెల్లగా నొక్కుతారు. చేయి ఎంత అదిరింది, గుండు ఎడమకి పోయిందా కిందికి పోయిందా, పిడి చేతికి అమరిందా లేదా అని చూసుకుంటారు. అమెరికాలోనైతే చాలా ఊళ్ళలో అద్దె కట్టి, ఒకే పూటలో నాలుగు రకాల పిస్తోళ్ళు పేల్చి చూడొచ్చు. అక్కడికి చదువులకీ ఉద్యోగాలకీ పోయిన మన తెలుగు బాబులు కొందరు తుపాకి పట్టుకుని దిగిన ఫోటోలు ఇంటికి పంపుతుంటారు. మన దేశంలో లైసెన్సో, లైసెన్సున్న క్లబ్బులో సభ్యత్వమో లేనిదే పిస్తోలు మీద చేయి వేసినా కేసే. కాబట్టి రేంజి అంటే మనకి పోలీసుల రేంజే గుర్తొస్తుంది.

తిరుపతి పక్కన చంద్రగిరి మండలంలో, కళ్యాణి డ్యాం దగ్గర పోలీసు శిక్షణ కళాశాల ఉంది. తుపాకి పేల్చడం కానిస్టేబులు శిక్షణలో ఒక పాఠం. రిజర్వేషన్ ఉంది కాబట్టి మన పిల్లలు కూడా ఆ పాఠం నేర్చుకుంటారు, కొందరు బాగానే కొడతారు. అయితే వాళ్ళ చేతిలోది వాళ్ళ తుపాకి కాదు. ఎప్పుడు పేల్చాలో, ఎవరి మీద పేల్చాలో పైనుంచి చెబుతారు. పొద్దున బెల్ ఆఫ్ ఆర్మ్స్ నుంచి సంతకం పెట్టి తీసుకుని సాయంత్రం లెక్క చూపి అప్పజెప్పాలి. మన చేతికొచ్చిన తుపాకి అది ఒక్కటే.

ఈ సంగతి వాడల్లో కదిపితే రెండు రకాల జవాబులొచ్చాయి. ఒక అవ్వ అనింది: “మనకెందుకు నాయనా తుపాకి? తలుపుకి గొళ్ళెం సక్రమంగా పడదు. దాన్ని యాడ పెడతావు? రేపు పోలీసోడొచ్చి నీ కొడుకు నక్సలైటని పట్టకపోతే అప్పుడడుగు.” పక్కనున్న కుర్రోడు ఊరుకోలా. “వాళ్ళ వసారాలో గోడకి తగిలించుండాది కాబట్టే కదవ్వా మన నోరు లెయ్యలేదు ఇన్నాళ్ళూ” అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. ఈ రెండు నిజాల మధ్య మనం ఏ మాట అనాలన్నదే ఇక్కడ మా ప్రశ్న.

ఆ గోడ మీది తుపాకి సంగతి చూద్దాం. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొర జనం చేతుల్లో ఆయుధం ఉండకూడదని 1878లో ఆయుధాల చట్టం తెచ్చాడు. లైసెన్సు ఉన్నవాడికే తుపాకి. లైసెన్సు ఎవరికి? దొరకి నమ్మకస్తుడికి. పుంగనూరు, కార్వేటినగరం జమీందారులకీ, వాళ్ళ కింద ఊళ్ళేలిన పెద్దలకీ అడ్డేముంది! 1959లో మన ప్రభుత్వం కొత్త చట్టం చేసింది గానీ లైసెన్సు అనే తలుపు అట్లాగే ఉంది, తలుపు దగ్గర కూర్చున్నవాడి చూపూ అట్లాగే ఉంది. శెనక్కాయ చేలో పందులు పడతాయి, పంట కాపాడుకోవాలి అని లైసెన్సు తీసుకుంటారు. రాత్రంతా మంచె మీద నిద్ర మేలుకుని డబ్బా వాయించేది మాలోడు. ఉదయం వచ్చి చూసేవాడి పేరు మీద తుపాకి. కాపలా మనది, ఆయుధం వాళ్ళది. పంది మీద పేలిందో లేదో గానీ, కూలి పెంచమని అడిగిన రోజున ఆ తుపాకి వసారాలోంచి అరుగు మీదికి వస్తుంది. పేల్చాల్సిన పనే లేదు. అరుగు మీద గుడ్డతో తుడుస్తూ కూర్చుంటే చాలు.

మనం తుపాకి ఎరగని జాతి అని ఎవరైనా అంటే నమ్మొద్దు. కుంపిణీ వాడి మద్రాసు సైన్యంలో మాలలు, పరయలు చేరి తుపాకులు మోశారు, కోటలు పగలగొట్టారు. పని తీరాక తెల్లదొరకి కులం గుర్తొచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. ‘వీరజాతులు’ అని ఒక జాబితా తయారైంది. అందులో మనం లేం. అక్కడ మహారాష్ట్రలో 1890ల్లో మహర్లని చేర్చుకోవడం ఆపేశారు. బాబాసాహెబ్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంటులో, సుబేదారు ఇంట్లో. సైన్యం తలుపు మూసుకుపోతే ఒక కులం బతుకు ఏమవుతుందో ఆయన ఇంట్లోనే చూశాడు. మళ్ళీ 1941లో యుద్ధం నెత్తి మీదికొచ్చాక గానీ మహర్ రెజిమెంటు పుట్టలేదు. అవసరమైతే వీరుడు, అవసరం తీరితే అంటరానివాడు.

పురాణంలోనూ ఇదే కదా. ద్రోణుడు ఏకలవ్యుడి విల్లు లాక్కోలేదు చూడండి. విల్లు పోతే ఇంకోటి చేసుకుంటాడు. బొటనవేలు అడిగాడు. సాధన చేసే శక్తినే తీసేశాడు. ఇక దసరా వస్తుంది, పోలీసు స్టేషన్లలో తుపాకులకి కుంకం పెట్టి ఆయుధపూజ చేస్తారు. ఆ తుపాకికి తోలు ఒర, భుజానికి తోలు పట్టీ కుట్టిన ఆరెకీ రంపెకీ మాత్రం ఏ ఠాణాలోనూ బొట్టు పడదు. మన చేతిలో తుపాకి ఉంటే ఈ సమాజం చూసి ఆనందించింది ఒకే ఒక్కచోట, పిట్టలదొర ఆటలో. ఖాకీ గుడ్డలు, టోపీ, భుజాన కొయ్య తుపాకి, నోటి నిండా గొప్పలు. తుపాకి రాముడొచ్చాడని ఊరంతా నవ్వుతుంది. సంచార కులాల వాడి చేతిలో తుపాకి కొయ్యదైతే కళ. నిజందైతే నేరం. నక్కలోళ్ళని అడగండి తెలుస్తుంది. పిట్టని కొట్టి పొట్ట పోసుకున్న జాతి వాళ్ళది. వేట మీద చట్టమొచ్చాక తుపాకి దాచుకోవాల్సొచ్చింది, ఇప్పుడు బస్టాండుల్లో పూసలమ్ముకుంటున్నారు. 2003లో గానీ వాళ్ళు మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగల జాబితాకెక్కలేదు.

బాబాసాహెబ్ ఆయుధం గురించి రెండుసార్లు రెండు మాటలు చెప్పాడు. ఈ రెండూ కలిపి చదువుకోకపోతే మనం దారి తప్పుతాం. 1936లో ‘కులనిర్మూలన’లో ఆయన వేసిన ప్రశ్న ఏమంటే, ఇంత దారుణాన్ని కింది కులాలు ఇన్ని వందల ఏళ్ళు ఎట్లా భరించాయి, ఎందుకు తిరగబడలేదు? చాతుర్వర్ణ్యం వాళ్ళ చేతికి ఆయుధం అందనీయలేదు, ఆయుధం లేనిదే తిరుగుబాటు లేదు అని ఆయన తేల్చాడు. పిరికితనం వల్ల కాదు, చేతులు కట్టేయడం వల్ల అన్నాడు. ఇది మొదటి మాట. పన్నెండేళ్ళ తర్వాత, 1948 డిసెంబరులో, రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ లేచి ఆయుధం ధరించే హక్కుని ప్రాథమిక హక్కుల్లో చేర్చమని సవరణ పెట్టాడు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ప్రతివాడూ బజారుకి పోయి తనకి తోచిన మారణాయుధం అడ్డూ ఆపూ లేకుండా కొనుక్కుంటే రాజ్యం నడిచేదెట్లా అన్నాడు.

అప్పటికీ ఇప్పటికీ మాట మార్చాడని కొందరంటారు. మాకు అట్లా అనిపించలేదు. హక్కు అందరిదీ అని కాగితం మీద రాస్తే బజారులో ఎవరు కొంటారో ఆయనకి తెలీదా? డబ్బున్నవాడు కొంటాడు. ఊరు కొంటుంది, వాడ చూస్తుంది. 1,22,360 రూపాయల నిర్భీక్ చూశాక ఆయన మాట మాకు బాగా అర్థమైంది. ఆయుధం మీద రాజ్యం చేయి ఉండాలి. అయితే ఆ చేయి ఎటు మొగ్గుతోందన్నది మనం అడగాలి.

ఆ రాజ్యమే రాసిపెట్టిన మాట ఒకటుంది. మనలో చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పరు. కారంచేడు 1985లో జరిగింది, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991లో చుండూరు జరిగింది. ఆ చట్టానికి నిబంధనలు 1995 మార్చి 31న వచ్చాయి. అందులో మూడో నిబంధన చదవండి. అత్యాచారం జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలని ప్రభుత్వం ముందుగా గుర్తించాలి. అక్కడ, అవసరమనిపిస్తే, ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేసి ఆ తుపాకులని సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. వాళ్ళవే కాదు, వాళ్ళ దగ్గరి చుట్టాలవి, పాలేర్లవి, స్నేహితులవి కూడా. లైసెన్సు లేని తుపాకులన్నీ స్వాధీనం చేసుకోవాలి. దొంగతనంగా తయారుచేసేవాళ్ళని ఆపాలి. ఆ తర్వాత, మళ్ళీ అవసరమనిపిస్తే, ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా ఎస్సీ ఎస్టీలకి ఆయుధ లైసెన్సులివ్వాలి.

ఇది మా పత్రిక కోరిక కాదు, కేంద్ర ప్రభుత్వం గెజిట్లో అచ్చేసిన నిబంధన. వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ‘అవసరమనిపిస్తే’ అన్న ఆ చిన్న మాట మీదే ఈ నిబంధన మొత్తం మూలబడి ఉంది. అవసరమని ఎవరికి అనిపించాలి? కాలనీకి నీళ్ళు బంద్ చేసిన రోజున అనిపించదు. గుడిలోకి వచ్చాడని కుర్రోణ్ణి చెట్టుకి కట్టేసిన రోజున అనిపించదు. శవాలు లేచాక మాత్రం పికెట్ పెడతారు, అప్పుడు ఆ పికెట్ తుపాకి మన వైపే తిరిగి ఉంటుంది. 1991 సెప్టెంబరులో, చుండూరు హత్యలు జరిగి నెల దాటిందో లేదో, అక్కడ నిరసన తెలుపుతున్న దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపి ఒక దళిత యువకుణ్ణి చంపారు.

తుపాకులు వెనక్కి తీసుకోవడం కష్టమైన పనా? కానే కాదు. ఎన్నికలొస్తే చూడండి. నోటిఫికేషన్ రాగానే లైసెన్సున్న వాళ్ళంతా తుపాకులు తెచ్చి స్టేషన్లో డిపాజిట్ చేయాలని ఆర్డరొస్తుంది. చిత్తూరులో, తిరుపతిలో, పలమనేరులో, ఎక్కడైనా సరే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా వరుసలో నిలబడి రసీదు తీసుకుంటారు. 2024 మే ఎన్నికలకీ ఇదే తంతు. రోజుల్లో అయిపోతుంది. తుపాకి ఎదురుగా ఉంటే మనిషి స్వేచ్ఛగా ఓటు వేయలేడని సర్కారుకి తెలుసు. మరి తుపాకి ఎదురుగా ఉంటే మనిషి స్వేచ్ఛగా కూలి అడగలేడని, సాక్ష్యం చెప్పలేడని, పొలం గట్టు మీద నడవలేడని తెలీదా? ఐదేళ్ళకోసారి మన ఓటుకి దొరికే రక్షణ మధ్యలో మన ప్రాణానికి దొరకదు. ఎన్నికల ఫలితాలు రాగానే తుపాకులు తిరిగి వసారాలకి పోతాయి.

ఇక నిబంధనలో రెండో సగం, మనకి లైసెన్సులివ్వడం. ఇక్కడ కాగితాల మాయ చూడండి. 1959 ఆయుధాల చట్టం పద్నాలుగో సెక్షన్లో స్పష్టంగా ఉంది, తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు అని. నిరాకరిస్తే కారణం రాతలో పెట్టాలి, మామూలుగా అడిగితే ఇవ్వాలి కూడా. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. బాగుంది. మరి అడ్డం ఎక్కడ పడుతుంది? పోలీసు రిపోర్టు దగ్గర. మనవాడు అట్రాసిటీ కేసు పెడితే మర్నాడే అవతలివాళ్ళు కౌంటరు కేసు పెడతారు, దొంగతనమనో దొమ్మీ అనో. దాన్ని రిజిస్టరు చేయడానికి ఎస్సైగారికి పది నిమిషాలు పట్టదు. ఆర్నెల్ల తర్వాత మనవాడు ప్రాణభయముందని లైసెన్సు అడిగితే ‘దరఖాస్తుదారుపై క్రిమినల్ కేసు ఉన్నది’ అని రిపోర్టు పోతుంది. బెదిరించినవాడి రికార్డు శుభ్రం, బెదిరింపులు పడ్డవాడి రికార్డు మురికి!

అది దాటితే శిక్షణ. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలంటే తుపాకి భద్రంగా వాడటం, పేల్చడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. మంచిదే, మేం కాదనం. నేర్చుకోకుండా తుపాకి పట్టినవాడు మొదట తన పిల్లల్నే చంపుకుంటాడు. కానీ నేర్చుకునే చోటు ఏదీ? రేంజి పోలీసులది, లేకపోతే పట్నంలో పెద్దోళ్ళ క్లబ్బుది. దామలచెరువు మామిడి తోటల్లో కాయ కోసే కుర్రోడు ఆ గేటు దగ్గరికి పోయి ‘అయ్యా, నాకు నేర్పండి’ అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ద్రోణుడి గురుకులం తలుపు ఇదే. ఈ కాలంలో వేలు కోయక్కర్లేదు, సర్టిఫికెట్ అడిగితే సరిపోతుంది.

ఇది మన దేశంలోనే అనుకోకండి. 1956 జనవరిలో అమెరికాలో, అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో, మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకి పర్మిట్‌కి దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు ఇవ్వలేదు. బజారులో చాక్లెట్లలా తుపాకులమ్మే దేశంలో, ఇంటి మీద బాంబు పడ్డ నల్లవాడికి అర్హత లేకపోయింది! ఆయన తర్వాత అహింస బాటలోనే నడిచాడు, అది వేరే కథ. పదేళ్ళ తర్వాత 1966లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు పుట్టారు. బాహాటంగా తుపాకి మోయడం అక్కడి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, చట్టాన్ని చేతిలో పట్టుకుని తుపాకి భుజాన వేసుకుని, పోలీసులు నల్లవాళ్ళని కొట్టకుండా వీధుల్లో కాపలా తిరిగారు. 1967 మేలో శాసనసభ భవనంలోకే తుపాకులతో నడిచారు. ఏం జరిగింది? మూడు నెలలు తిరక్కుండానే గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకంతో చట్టం మారిపోయింది. తెల్లవాడి భుజాన ఉన్నన్నాళ్ళు అది హక్కు, నల్లవాడి భుజానికి రాగానే ప్రమాదం. ఈ పాంథర్ల పేరే 1972లో బొంబాయిలో మనవాళ్ళు తీసుకుని దళిత పాంథర్స్ పెట్టారు. పేరు తీసుకున్నారు, పులి బొమ్మ తీసుకున్నారు, కలం పట్టారు, వీధి పట్టారు. తుపాకి జోలికి పోలేదు. అందులో వివేకం ఉందనే మేం అంటాం.

ఎందుకంటే తుపాకి మా దగ్గర ఏం చేసిందో మేం చూశాం. 2015 ఏప్రిల్ 7. తిరుమల కొండ అవతలి పక్క, శేషాచలం అడవిలో, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. ఎక్కువ మంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కూలీలు, జవ్వాది కొండల గిరిజనులు అందులో ఉన్నారు. రాళ్ళతో గొడ్డళ్ళతో తిరగబడితే ఆత్మరక్షణకి కాల్చామని పోలీసులన్నారు. బస్సుల్లోంచి దింపి తీసుకుపోయారని ప్రాణాలతో తప్పించుకున్నవాళ్ళు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. దుంగలమ్ముకుని మేడలు కట్టినవాడు ఎవడూ ఆ ఇరవై మందిలో లేడు. రేంజిలో మనిషి ఆకారం గీసిన అట్టకి గురి చూడటం నేర్పుతారు. ఆ అట్టకి కులం లేదు, ఊరు లేదు. అడవిలోకొచ్చేసరికి ఎవరు ఆ అట్ట స్థానంలో నిలబడ్డారో చూడండి.

అదే ఏడాది నవంబరు 17న చిత్తూరు నడిబొడ్డున, కార్పొరేషన్ ఆఫీసులోనే, మేయరు కటారి అనూరాధని తుపాకితో కాల్చి చంపారు. బురఖాలు వేసుకొచ్చారు. ఆమె భర్త మోహన్‌ని కత్తులతో నరికారు. చంపించింది బయటివాళ్ళు కాదు, బంధువే అని కేసు. కింది కోర్టు తీర్పు రావడానికి 2025 దాకా పట్టింది. కుర్చీ ఉంది, పలుకుబడి ఉంది, ఆఫీసు నిండా మనుషులున్నారు. తుపాకి ముందు అవేవీ అడ్డం నిలబడలేదు. ఇక 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకడు, తన పుట్టినరోజు నాడు తన తుపాకే శుభ్రం చేసుకుంటుంటే పేలి చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖం మీద మేం ఒక్క మాట ఎక్కువ అనం.

కాబట్టి మా కుర్రోళ్ళకి ఒక మాట సూటిగా చెబుతాం, కోపమొచ్చినా సరే. సెల్‌ఫోనుల్లో పిస్తోలు పట్టుకుని పాటకి అడుగులేసే వీడియోలు మానండి. అది బొమ్మ పిస్తోలైనా ఠాణాలో దానికి బొమ్మ అని పేరు పెట్టరు. పెళ్ళిలో, జాతరలో గాలిలోకి పేల్చడం అగ్రకుల మీసం పని. 2019 సవరణలో దాన్ని నేరంగా రాశారు కూడా. ఆ మీసం మనకి అరువు అక్కర్లేదు.

మరి ఏం కావాలంటారు అని అడిగితే, మొదటి సగం మొదట. మాకు తుపాకి ఇచ్చే సంగతి తర్వాత చూద్దాం, ముందు మమ్మల్ని బెదిరించే తుపాకి తీయండి. మూడో నిబంధనలో వరుస కూడా అదే, రద్దు ముందు, ఇవ్వడం తర్వాత. పది లైసెన్సులు మాకిచ్చి వంద వాళ్ళకి ఉంచితే అది రక్షణ కాదు, పోట్లాటకి పిలుపు. వంద తీసేస్తే ఆ పదీ అడిగేవాళ్ళు మాలో సగం మంది ఉండరు. అయితే రెండో సగాన్ని మేం వదులుకోం. సాక్షికి నిజంగా ప్రాణం మీదికొచ్చినప్పుడు, పికెట్ లేని ఊళ్ళో, అతని దరఖాస్తుని కౌంటరు కేసు చూపి చెత్తబుట్టలో వేస్తే ఒప్పుకోం. ఎవరూ వాడకపోయినా ఆ హక్కు అక్కడ ఉండాలి. కాదంటే ఎందుకు కాదో కలెక్టరు కాగితం మీద రాయాలి.

ఇంకో సంగతి. తుపాకంటే చంపడమే కాదు, ఆట కూడా. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు గగన్ నారంగ్‌కి పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో కంచు పతకం వచ్చింది. 2024 పారిస్‌లో మను భాకర్ పిస్తోలు పట్టి రెండు పతకాలు తెచ్చింది. గాలి తుపాకి 0.177 అంగుళాల కొలతలో, ఇరవై జౌళ్ళ శక్తి లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల పొడవున్న గది, వెనక గుండు ఆపే పెట్టె, నేర్పే మనిషి ఉంటే చాలు. మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో అంత పొడవు భోజనశాలలున్నాయి. పోటీకి పనికొచ్చే విదేశీ ఎయిర్ పిస్తోలు లక్షకి పైగానే ఉంటుంది, ఒక్కో పిల్లకి కొనలేరు, నిజమే. బడికి రెండు కొనలేరా? చేయి వణక్కుండా నిలబడటం, ఊపిరి పట్టడం, తన వంతు వచ్చేదాకా తుపాకి కింద పెట్టి ఉండటం నేర్పే ఆట ఇది. మన పిల్లలకి కబడ్డీ, ఖోఖో చాలులే అనేవాళ్ళ మనసులో ఏముందో మాకు తెలుసు. మూడో నిబంధనకి ఇది బదులు కాదని కూడా చెప్పి ఉంచుతున్నాం. రేపు ఎవరో ఒక మంత్రిగారు రెండు గాలి తుపాకులిచ్చి ఫోటో దిగి ‘దళితులకి ఆయుధాలిచ్చాం’ అనగలరు.

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా ముక్కలై చిత్తూరు, తిరుపతి జిల్లాలయ్యాయి, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలో కలిసింది. కలెక్టరాఫీసులు పెరిగాయి, బీరువాలు పెరిగాయి. అదే 1995 నిబంధనల్లో పదిహేడోది ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకి ఒకసారైనా కూర్చోవాలి. అందులో మనవాళ్ళు సభ్యులుగా ఉంటారు. చాలాచోట్ల టీ తాగి, సంతకం పెట్టి, నష్టపరిహారం చెక్కుల సంగతి మాట్లాడి లేచి వస్తున్నారు. వచ్చే సమావేశంలో ఇవి అడగండి. మన జిల్లాలో అత్యాచారాలకి అవకాశమున్న ఊళ్ళుగా వేటిని గుర్తించారు? ఆ ఊళ్ళలో ఆయుధ లైసెన్సులు ఎన్ని, ఎవరి పేర్ల మీద? 1995 నుంచి ఇప్పటిదాకా మూడో నిబంధన కింద రద్దయినవి ఎన్ని? ఎస్సీ ఎస్టీలు పెట్టుకున్న దరఖాస్తులు ఎన్ని, ఇచ్చినవి ఎన్ని, కాదన్నవాటికి రాసిన కారణం ఏమిటి?

సభ్యులు అడగకపోతే మీరే అడగండి. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది, పది రూపాయల ఫీజు, తెల్లకాగితం చాలు. కలెక్టరేటులోని పౌర సమాచార అధికారి పేరున పంపండి, రసీదు దగ్గర పెట్టుకోండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబు కాపీ, రాకపోతే రాలేదన్న సంగతి, ఊరి పేరుతో సహా మాకు రాయండి. పేరు వేయొద్దంటే వేయం.